నల్లబడని సీసాలు

మింగలేక కక్కలేక అంటారే, ఆ మాటకు అర్థం నాకు తొమ్మిదేళ్ళుగా తెలుసు. గొంతులో ఒక వాక్యం ఉంది. చిన్నదే. చెప్పడానికి గుక్కెడు ఊపిరి చాలు. ఎవరైనా తలుపు గట్టిగా తడితే అదే గుర్తొస్తుంది. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే అదే. పామర్రు బోర్డున్న బస్సు ఎదురొస్తే ఇప్పటికీ తల పక్కకు తిప్పుకుంటాను, కిటికీ దగ్గర కూర్చున్న ఎవరో నన్ను చూసేస్తారన్నట్టు.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. నా పేరు చెప్పను. మిగతావాళ్ళ పేర్లు మార్చాను. జరిగింది మాత్రం మార్చలేదు.

తొంభైల చివర్లో విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసేదాన్ని. ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన్ని అందరం మాస్టారు అనేవాళ్ళం. ఆయన చుట్టూ ఓ పాతికమంది చేరారు. స్కూలు టీచర్లు, ఒక నర్సు, ఒక మందుల షాపాయన, పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు. మేం చేసిన పని నీళ్ళ పరీక్ష.

డెల్టాలో చాలా ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. అందుకని కాలవ నీళ్ళు చెరువులో నింపుకుని, వడగట్టి, కుళాయిలకు వదులుతారు. పైపు ఎక్కడ పగిలిందో, పగిలినచోట ఏ మురుగు అందులోకి పోతోందో ఎవరికీ తెలియదు. చూడటానికి నీళ్ళు తేటగానే ఉంటాయి. మా పరీక్షకు ఒక చిన్న సీసా, అందులో మందులో ముంచి ఆరబెట్టిన కాగితం పట్టీ. గీత దాకా నీళ్ళు పోసి మూతపెట్టి రెండు రోజులు ఉంచాలి. మురుగు కలిసిన నీళ్ళయితే నల్లబడతాయి. అక్షరం రానివాళ్ళు కూడా చదవగలిగిన పరీక్ష.

అది మేం కనిపెట్టింది కాదు. ఎవరో కనిపెట్టి, దాచుకోకుండా అందరికీ చెప్పినది. మేం దాన్ని మా ఊళ్ళకు తగినట్టు చేసుకున్నాం, తలా ఒక చెయ్యి వేసి. ఖాళీ ఇంజెక్షన్ సీసాలు మందుల షాపాయన పోగుచేసి ఇచ్చేవాడు. వాటిని ప్రెషర్ కుక్కర్లో ఎంతసేపు ఉడికించాలో నర్సు నేర్పింది. గీత గోళ్ళరంగుతో పెడితే చెరగదని ఒక టీచరమ్మ చెప్పింది. చలికాలంలో సీసాలు త్వరగా నల్లబడటం లేదంటే, పొయ్యి పక్క గూట్లో పెట్టి చూడండని చెప్పింది మస్తాన్‌బీ.

మస్తాన్‌బీ గురించి చెప్పాలి. చెప్పడానికే ఇదంతా.

పామర్రు దాటాక ఒక ఊళ్ళో జాకెట్లు కుట్టేది. ఆమె భర్త పరుపులు కుట్టేవాడు. ఏడో తరగతి దాకా చదివింది. రాత గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉండేది. బస్సులో తీసుకెళ్తుంటే సీసాలు ఒకదానికొకటి తగిలి పగులుతున్నాయని పన్నెండు జేబులున్న గుడ్డసంచి కుట్టుకొచ్చింది ఒకసారి. తర్వాతి నెలకల్లా అన్ని ఊళ్ళవాళ్ళ భుజాలకూ అలాంటి సంచే. ఆమెను ఎవరూ పొగడలేదు, ఆమె కూడా ఎదురుచూడలేదు.

మాస్టారు పెట్టిన నియమం ఒక్కటే, దాపరికం వద్దు. మందు కలిపే విధానం తెలుగులో రాసి అడిగినవాళ్ళందరికీ ఇచ్చేవాళ్ళం. ఏ కుళాయి ఎలా ఉందో పంచాయతీ ఆఫీసు గోడ మీద బోర్డులో రాసేవాళ్ళం. నెలకోసారి మా ల్యాబ్‌లో కూడినప్పుడు బల్ల మీద ఒక పెద్ద పుస్తకం ఉండేది. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు. పొరపాటు చేస్తే అది కూడా రాయాలి, రాసినవాళ్ళను చూసి ఎవరూ నవ్వకూడదు. మొదటి పేజీలో మాస్టారు తన పొరపాటే రాసుకున్నారు.

మందు కలపడం నా పని. అది ఒక్కటే నా పని.

ఆ వేసవిలో కాలవలకు నీళ్ళు ఆపేశారు. చెరువులు అడుగంటుతున్నాయి. అలాంటప్పుడే పరీక్షలు ఎక్కువ చేయాలి. నేను మందు కలిపిన రోజుకు మర్నాడే మీటింగు. కాలేజీలో ఆ వారమంతా డిగ్రీ ప్రాక్టికల్స్. వచ్చేపోయే పిల్లలు, పగిలే గాజుసామాను, ఎగ్జామినరు గారికి టీ. మధ్యలో వీలు చూసుకుని ఒక్కొక్క మందూ తూచి కాగితం పొట్లాలు కట్టాను. వాటిలో ఒకటి ఇనుము లవణం. నల్లరంగు వచ్చేది దాని వల్లే. అది లేకపోతే ఎంతటి మురుగు పోసినా పట్టీ తెల్లగానే ఉంటుంది. ఆ పొట్లాన్ని త్రాసు వెనక పెట్టాను. ఎవరో పిలిచారు. వెళ్ళి వచ్చి, ఎదురుగా కనిపించినవి కలిపేశాను.

పొట్లం మూడో రోజున దొరికింది. బల్ల తుడుస్తుంటే చేతికి తగిలింది. అప్పటికి సీసాలు ఆరు ఊళ్ళకు వెళ్ళిపోయాయి.

ఇంతవరకూ జరిగింది పొరపాటు. దీన్ని నేరం అనను. ఎవరూ అనరు. ఆరు పోస్టుకార్డులు రాస్తే సరిపోయేది. ఆ పుస్తకంలో నాలుగు లైన్లు రాస్తే సరిపోయేది. మాస్టారు తల ఊపి, సరే, మళ్ళీ చేద్దాం అనేవారు. అంతే జరిగేది. మరి ఎందుకు రాయలేదు?

భయం. ఇంకో మాట దొరకడం లేదు. బయటివాళ్ళను ల్యాబ్‌లోకి రానివ్వడం ప్రిన్సిపాల్ గారికి మొదటి నుంచీ ఇష్టంలేదు. ఏదైనా తేడా వస్తే నీదే బాధ్యతని నన్ను పిలిచి చెప్పారు. నా ఉద్యోగం పర్మినెంటు చేసే కాగితం ఆయన బల్ల మీదే ఉంది. ఇదొక కారణం. ఇది చెప్పుకోగలిగిన కారణం. రెండోది చెప్పుకోవడానికి సిగ్గు. ఆ గుంపులో నన్ను మేడంగారూ అని పిలిచేవాళ్ళు. కాలేజీలో నన్నలా పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. అక్కడ నేను సీసాలు కడిగే మనిషిని. ఇక్కడ మాత్రం అందరూ అడిగి తెలుసుకునే మనిషిని. ఆ మనిషి పొట్లం కలపడం మర్చిపోయిందని పుస్తకంలో ఉండటం నాకు ఇష్టంలేకపోయింది. వచ్చే నెల కొత్త సీసాలు ఇస్తాం కదా, ఈ నెల ఎలాగో గడిచిపోతుందిలే అనుకున్నాను.

పదిరోజుల తర్వాత మస్తాన్‌బీ వచ్చింది. మీటింగు రోజు కాదు. పగటి బస్సులో వచ్చి, ల్యాబ్ గుమ్మం బయట చెప్పులు విడిచి, సంచిలోంచి మూడు సీసాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మేడంగారూ, ఈసారి పట్టీలు తెల్లగా ఉన్నాయేంటండీ? పోయిన్నెల్లో కాస్త గోధుమరంగుగా ఉండేయి."

"కాగితం మార్చాం," అన్నాను.

"అదా అండీ." ఒక సీసా వెలుతురుకు ఎత్తి చూపించింది. "మా వీధి చివర కుళాయి నీళ్ళండి ఇవి. వాసనొస్తన్నాయి. మూడ్రోజులు గూట్లో ఉంచాను, నల్లబళ్ళేదు. నాకేదో అనుమానమేసి ఇంకో సీసాలో మురిక్కాలవ నీళ్ళు పోసి చూశానండి. అది కూడా నల్లబళ్ళేదు. సీసాల్లోనే ఏవన్నా లోపం ఉందేమో చూస్తారా అండీ?"

ఆమె చేసిందేమిటో మీకు అర్థమైందా? అనుమానం వస్తే ఏం చేయాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. మురుగే పోసి చూసింది. కెమిస్ట్రీ చదువుకున్న నేను చేయాల్సిన పని, జాకెట్లు కుట్టే మనిషి చేసుకుని నా దగ్గరికి తెచ్చింది. జవాబు కూడా తెచ్చింది. నేను అవునంటే చాలు.

"మురిక్కాలవలో సబ్బునీళ్ళు కలుస్తాయి కదండీ," అన్నాను. "సబ్బుకి క్రిములు చచ్చిపోతాయి. అందుకని నల్లబడదు. సీసాలు బాగానే ఉన్నాయి."

ఎంత తేలిగ్గా వచ్చిందా మాట. చదువుకున్న చదువంతా అబద్ధానికి పనికొచ్చింది.

ఆమె సీసా మూత బిగించి సంచిలో పెట్టుకుంది. "అయితే బోర్డు మీద మంచిదనే రాయమంటారా అండీ?"

"రాయండి."

తెలిసే రాయమన్నాను, ఇదీ గొంతులో ఉన్న ఆ వాక్యం. ఒక్క మాట. రాయండి.

ఆమె వెళ్ళింది. పంచాయతీ గోడ మీద, వీధి చివర కుళాయి, మంచిది, అని గుండ్రంగా రాసింది.

ఆ తర్వాత సెలవులకు ల్యాబ్ మూసేశారు, రెండు నెలలు మీటింగుల్లేక కొత్త సీసాలు అందలేదు, బోర్డు మీద ఆ మాటే ఉండిపోయింది. కాలవలకు నీళ్ళొదిలారు. వరి ఊడ్పులు అయ్యాయి. వానలు మొదలయ్యాక ఆ ఊళ్ళో పచ్చకామెర్లు వచ్చాయి. మొదట ఇద్దరికి, తర్వాత వీధంతా. ఆ వీధిలో బుట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఒకావిడ కూతురు నాగమణి పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. ఏడో నెల. మామూలు వాళ్ళకు నాలుగు వారాల్లో తగ్గిపోయే జబ్బు కడుపుతో ఉన్నవాళ్ళకు అలా తగ్గదట. అది నాకు అప్పుడు తెలియదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిన మూడో రోజున నాగమణి చనిపోయింది. కడుపులో బిడ్డా పోయింది.

కూతురు వచ్చినప్పటి నుంచి ఆ తల్లి నీళ్ళు కాచి పోసేదట. బోర్డు మీద మంచిదని చూశాక మస్తాన్‌బీని అడిగిందట, ఇంక కాచక్కర్లేదా అని. అక్కర్లేదంది మస్తాన్‌బీ. చితుకులు తడిసిపోయి పొయ్యి అంటుకోని రోజులు.

ఈ సంగతి నాకు నర్సు చెప్పింది, కాలేజీ గేటు దగ్గర నిలబడి. నేను అయ్యో అన్నాను. అని, ల్యాబ్‌లోకి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. నాకు మొదట ఏం తోచిందో మీకు చెప్పాలి, లేకపోతే ఈ రాతకు అర్థం లేదు. నాగమణి కాదు. ఆ తల్లి కాదు. మిగిలిపోయిన సీసాలు. ఆ ఊళ్ళో వాడని సీసాలు ఇంకా ఉన్నాయి. ఏ డాక్టరో, ఏ పోలీసో వాటిని తీసుకుని పరీక్ష చేయిస్తే?

మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను. ఉయ్యూరులో బస్సు ఆగినప్పుడు దిగిపోదామనుకున్నాను. దిగలేదు. ఒక మంచి పని చేయడానికి లేని ధైర్యం ఇలాంటి పనికి ఎక్కడి నుంచి వస్తుందో.

మస్తాన్‌బీ ఇంట్లో కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. ఆమె మొహం నల్లగా అయిపోయింది. నేను పరామర్శకు వచ్చాననుకుంది. కళ్ళు తుడుచుకుని, కాచిన నీళ్ళేనండి తాగండి అని గ్లాసు ఇచ్చింది. తాగాను. మిగిలిన సీసాలు లెక్క చూసుకోవాలి, ఇచ్చేయండి అన్నాను. సంచితో సహా ఇచ్చేసింది. వీధి చివర ఎవరో ఏడుస్తున్నారు. అటు నుంచి కాకుండా చుట్టూ తిరిగి బస్టాండుకు వెళ్ళాను. ల్యాబ్‌కు వచ్చి పట్టీలన్నీ కాల్చేశాను. సీసాలు కడిగి బీరువాలో సర్దాను. మిగతా ఊళ్ళ సీసాలు కూడా ఏదో సాకుతో తెప్పించాను.

ఆ నెల మీటింగులో అందరూ నా వైపే చూశారు. తెలిసిన మనిషిని నేనే కదా. సీసాలకు ఎండ తగిలి ఉంటుంది, ఎండ తగిలితే మందు పనిచేయదు, అన్నాను. ఎవరి సీసాలకు అని నేను చెప్పనక్కర్లేకపోయింది.

మస్తాన్‌బీ లేచి నిలబడింది. పోట్లాడుతుందని భయపడ్డాను. మురిక్కాలవ నీళ్ళ సంగతి చెబుతుందని, తెల్ల పట్టీల సంగతి చెబుతుందని. ఇప్పుడనుకుంటాను, పోట్లాడి ఉంటే నేను బతికిపోయేదాన్నని.

"మేడంగారు చెప్తే అంతేనండి," అంది. "కిటికీ పక్కన పెట్టానేమో. సరిగ్గా గుర్తులేదు నాకు."

ఎవరూ నవ్వలేదు. నియమం అదే కదా. ఒకావిడ ఆమె భుజం నిమిరింది. పుస్తకంలో రాయమని మాస్టారు నాకే పెన్ను ఇచ్చారు. మస్తాన్‌బీ గారు సీసాలు ఎండలో ఉంచడం వల్ల ఫలితం తప్పుగా వచ్చింది. నా చేత్తోనే రాశాను. మాస్టారు ఆ పేజీ చదివి, వెనక పేజీలు తిప్పారు. ఆ నెల ఆరు ఊళ్ళలోనూ ఒక్క సీసా నల్లబడలేదేమ్మా అన్నారు నెమ్మదిగా. నేను ఏదో గొణిగాను. ఆయన నా మొహంలోకి చూశారు. తర్వాత పుస్తకం మూసేశారు.

ఆయనకు తెలుసా? తెలిసే ఊరుకున్నారా? నా అంతట నేనే చెబుతానని ఎదురుచూశారా? రెండేళ్ళ క్రితం ఆయన పోయారు. చివరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకుని, ఏమన్నా చెప్పాలామ్మా అని అడిగారు. మాట సరిగ్గా రావడం లేదు ఆయనకు. అందరినీ అలాగే అడిగారేమో. నేను లేదన్నాను.

నా ఉద్యోగం పర్మినెంటు అయింది.

మస్తాన్‌బీ మీటింగులకు రావడం మానేసింది. ఊళ్ళో ఆమెకు జాకెట్లు ఇవ్వడం మానేశారు. నాగమణి తల్లి రోజూ ఆ గుమ్మం ముందు బుట్ట దించి, నీ మాట నమ్మే కదే నా బిడ్డకు కాచని నీళ్ళు పోశాను అని నిలబడేదట. తిట్టేది కాదట. అదే మాట చెప్పి వెళ్ళేదట. ఏడాది తిరక్కుండా మస్తాన్‌బీ వాళ్ళు ఊరు వదిలేశారు.

మా పని మాత్రం పెరిగింది. వేరే జిల్లాల వాళ్ళు వచ్చి నేర్చుకున్నారు. ఒక చిన్న పుస్తకం అచ్చువేశారు, ఎవరైనా మళ్ళీ అచ్చువేసుకోవచ్చని అట్ట మీదే రాసి. అందులో జాగ్రత్తల కింద, సీసాలకు ఎండ తగలనివ్వకండి, ఒక ఊళ్ళో దీనివల్ల ప్రాణం పోయింది, అని ఉంది. నా అబద్ధం పాఠమైంది. ఎక్కడో నేనెప్పుడూ చూడని ఊళ్ళలో ఆడవాళ్ళు సీసాలకు నల్లగుడ్డ చుడుతున్నారట. అందరూ కలిసి కట్టిన దానిలో నేను పెట్టిన ఒక గుల్ల ఇటుక అది. దాచిపెట్టిన తప్పు ఒక చోట ఉంటుంది. అందరికీ పంచిపెట్టిన తప్పు ఎంతదూరం పోతుందో ఎవరు చెప్పగలరు?

నన్ను నేను ఓదార్చుకోవడానికి ప్రయత్నించలేదనుకోకండి. కామెర్లు తెచ్చే క్రిమిని ఆ పరీక్ష నేరుగా పట్టుకోలేదు. మంచి సీసా అయినా నల్లబడేదని ఖాయంగా చెప్పలేం. నాగమణి ఆ నీళ్ళే తాగిందని, ఇంకెక్కడా తాగలేదని రుజువేముంది? ఈ వాదనలన్నీ నాకు కంఠతా వచ్చు. ఏ కోర్టులోనైనా నిలబడతాయేమో. కానీ వీధి చివర కుళాయి నీళ్ళు వాసనొస్తున్నాయని ఒక మనిషి బస్సెక్కి వచ్చి నాతో చెప్పింది. దానికి నా దగ్గర వాదన లేదు.

నిరుడు విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టు ముందు మస్తాన్‌బీ నన్ను గుర్తుపట్టింది. కొట్టుకు లంగాలు కుట్టి ఇస్తోందట. జుట్టు నెరిసింది. నేను పక్కకు తప్పుకోబోయాను. ఆమె మాత్రం నన్ను చూసి సంతోషించింది. కాలేజీ సంగతులు అడిగింది. మాస్టారు పోయారని విని బాధపడింది. వెళ్ళబోతూ ఆగి అడిగింది.

"మేడంగారూ, ఇన్నేళ్ళూ ఎంత గుర్తుచేసుకున్నా సీసాలు గూట్లోనే పెట్టినట్టు గుర్తండీ నాకు. కిటికీ పక్కన పెట్టిన గుర్తే లేదు. నా తప్పేంటో సరిగ్గా తెలిస్తే నిబ్బరంగా ఉండేదాన్నండి. మీరేవంటారు?"

దోవన పోయేవాళ్ళు మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదని నాకు తెలుసు.

"ఎప్పటిదో కదా, వదిలెయ్యండి," అన్నాను.

మొదటి అబద్ధం భయంలో చెప్పాననుకోవచ్చు. ఇది చెప్పేటప్పుడు ఉద్యోగం పోతుందన్న భయం లేదు, ప్రిన్సిపాల్ లేరు, పోలీసులు లేరు. ఆమె మొహం మారడం చూడలేననే భయం ఒక్కటే. ఆ ఒక్క క్షణాన్ని తప్పించుకోవడానికి ఆమె మిగిలిన జీవితమంతా తీసుకున్నాను. ఆ రోజు నుంచి తిండి సరిగ్గా సయించలేదు. చూపించుకుంటే డాక్టరు ఏవో మందులిచ్చాడు, పనిచేయలేదు.

నిన్న ఉత్తరం రాశాను. బట్టల కొట్టు అడ్రసుకు, ఆమె పేరు మీద. అందులో వివరణలు లేవు. ఆ సీసాల్లో ఇనుము లవణం కలపలేదు. కలపనిది నేను. మీరు వచ్చి అడిగిన రోజుకే ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాయమన్నాను. సీసాలు తెప్పించుకుని పట్టీలు కాల్చింది నేను. మీరు గూట్లోనే పెట్టారు. మీరు చేసిందంతా సరిగ్గానే చేశారు. నాగమణి వాళ్ళమ్మగారికి ఈ ఉత్తరం చూపించండి. చివర నా పేరు, ఇంటి అడ్రసు రాశాను. క్షమించమని రాయలేదు. రెండుసార్లు రాసి కొట్టేశాను. అది అడిగితే మళ్ళీ ఆమె చేత ఒక పని చేయించుకోవడమే. ఈ ఉత్తరం నకలొకటి మా గుంపులో ఇప్పుడు పెద్దగా ఉన్న టీచరు గారికి పంపాను, ఆ పుస్తకంలో అంటించమని, అచ్చువేసిన పాఠం తీసేయమని.

పొద్దున పోస్టు చేశాను. డబ్బా లోపల కవర్లు పడిన చప్పుడు వినగానే వాటిని వెనక్కి లాక్కోవాలనిపించింది. పోస్ట్‌మాన్ వచ్చేదాకా అక్కడే నిలబడి, తప్పు అడ్రసు రాశానండీ అని అడుగుదామా అని కూడా అనుకున్నాను. నిలబడలేదు.

ఏమవుతుందో తెలియదు. ఆమె వస్తుందేమో. నాగమణి తల్లి వస్తుందేమో. వస్తే వాకిట్లో నిలబడి ఏమంటుందో ఊహించుకోవడానికే భయం. ఎవరూ రాకపోవచ్చు కూడా. అది ఇంకా భయంగా ఉంది.

ఇంటికొచ్చి అన్నం వండుకున్నాను. కంచం ముందు కూర్చున్నాను. చాలా నెలల తర్వాత, మారు వడ్డించుకున్నాను.